ఎర్ర సీట్ల జీపు

మొన్న ఖమ్మం బస్టాండు దగ్గర ఆటో ఎక్కాను. కూర్చున్నానో లేదో, అలవాటుకొద్దీ నా చెయ్యి సీటు అంచు కిందికి పోయింది. అక్కడ కుట్టు రెండు వరసలు తగిలింది. పై వరస అందరూ వేసేదే. కింది వరస మడతలో ఉంటుంది. ఎవరికీ కనపడదు, వెతికితే వేలికి తెలుస్తుంది. ఖమ్మంలో ఆ రెండో వరస వేసేవాడు ఒక్కడే.

"ఈ సీటు ఎక్కడ కుట్టించినవ్?" అని ఆటో అతన్ని అడిగాను.

"నేను కుట్టియ్యలే సార్. పాత బండి కొన్న. సీటు మాత్రం మస్తు గట్టిగున్నది. ఇంజను విప్పిన గానీ సీటు జోలికి పోలే."

ఈ మాట చెవిన పడితే ఆ సీటు కుట్టినాయన నెలరోజులు కనపడినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగేవాడు. వినడానికి ఆయన లేడు. పోయిన వానాకాలంలో పోయాడు. ఎందుకో నాకు ఆ సీటు మీద కూర్చోబుద్ధి కాలేదు. ఇంకా రెండు సందులు ఉండగానే దిగి ఎండలో నడిచాను.

ఆయనకో పేరుంది, ఇక్కడ రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువే. బజారంతా భాయ్ అనేది, మేమూ భాయ్ అనే అన్నాం. ఆటోలకు, ట్రాక్టర్లకు, జీపులకు సీట్లు కుట్టేవాడు. పొడుగు మనిషి. ఏళ్ళ తరబడి మిషను మీద వంగి వంగి, లేచి నిలబడినా సగం వంగే ఉండేవాడు. మెడలో టేపు తీసేవాడు కాదు. ఒకసారి ఆ టేపుతోనే నమాజుకి పోయొచ్చాడు. ఎక్కడ కూర్చున్నా ముందు కింద తడిమేవాడు. కుట్టు బాగాలేకపోతే "ఎవడు కుట్టిండు దీన్ని, దుశ్మన్ గాడా?" అనేవాడు. మా బడికి ఏదో పని మీద వచ్చినప్పుడు హెడ్మాస్టరు గారు ఎదురుగా మాట్లాడుతుంటే ఈయన తన కుర్చీని తలకిందులు చేసి చూస్తున్నాడు. హెడ్మాస్టరు గారు నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను.

మేం నలుగురం. నేను ఏన్కూరు దగ్గర బడిపంతుల్ని. శ్రీనుకి జూలూరుపాడులో పురుగుమందుల కొట్టుంది. వెంకన్న బస్సు కండక్టరు. మాలో అందరికంటే పెద్దవాడు భాయ్. నా స్కూటరు సీటు చిరిగితే కుట్టించడానికి పోయి పరిచయం చేసుకున్నాను. మిగతా ఇద్దరూ నా వెనకే వచ్చారు. ఏటా ఎండాకాలం చివర, బళ్ళు తెరవకముందు, మూడు రోజుల పాటు భాయ్ జీపులో బయలుదేరేవాళ్ళం. జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి దాటి భద్రాచలం. ఆ పైన దుమ్ముగూడెం. అక్కడినుంచి చర్ల దిక్కు అడవి ఎంతవరకు పోనిస్తే అంతవరకు. అక్కడ చూడాల్సింది ఏముందని మా ఇంట్లో అడిగేవాళ్ళు. ఏమీ లేదు. ఎండిపోయిన వాగులు, రోడ్డు పక్కన ఆరబోసిన తునికాకు, ఇప్పచెట్లు, ఎవరో ఒకరి అరుగు మీద మధ్యాహ్నం నిద్ర. మాకు అదే కావాలి.

జీపు ఆయనకంటే ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. రంగు ఏమిటో చెప్పలేని స్థితిలో ఉండేది. సీట్లు మాత్రం ఎర్ర రెగ్జిన్‌తో పెళ్ళికొడుకు కుర్చీలా ఉండేవి. ఏటా ట్రిప్పుకి ముందు విప్పి మళ్ళీ కుట్టేవాడు. "ఇంజన్ చూపించు భాయ్, అది ముఖ్యం" అని శ్రీను మొత్తుకునేవాడు. "ఇంజను మీద కూసుంటవా నువ్వు?" అని ఆయన జవాబు.

ఇంజన్ ఊరుకుంటుందా? ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట మొరాయించేది. ఒకసారి పాల్వంచ దాటగానే ఫ్యాన్ బెల్టు తెగింది. భాయ్ వెనక సీటు కింద నుంచి రెగ్జిన్ ముక్క తీసి, మూడు మడతలు వేసి, చేత్తో కుట్టి బిగించాడు. గోదావరి దాటేదాకా తట్టుకుంది, ఆ పైన కాలిన వాసన వచ్చి వెంకన్న తిన్నదంతా కక్కుకున్నాడు. ఇంకోసారి భాయ్ భార్య, మేం భాభీ అనేవాళ్ళం, పొద్దున్నే లేచి వండిచ్చిన బిర్యానీ గిన్నె ఏదో గుంతలో ఎగిరి, మూత ఊడి, శ్రీను కొత్త ప్యాంటు మీద పడింది. తుడుచుకోవడానికి వాగులో దిగితే చెప్పు ఒకటి బురద మింగేసింది. ఒంటి చెప్పుతో మూడు రోజులు తిరిగాడు శ్రీను. ఇలాంటిది ఏది జరిగినా భాయ్ స్టీరింగు మీద చేత్తో కొట్టి "ఇగ మొదలైంది ట్రిప్పు" అనేవాడు. ఏదీ చెడిపోకుండా ఎక్కడికైనా చేరితే ఆయనకి వెలితిగా ఉండేది. "ఇది ట్రిప్పు కాదు, డ్యూటీ" అని సణిగేవాడు. వెంకన్నకి ఆ మాట మండేది, ఎందుకంటే అతనికి ఏడాదంతా డ్యూటీయే. సెలవులో కూడా వెనక కూర్చొని ఎవరైనా దిగి ఎక్కగానే జీపు రేకు మీద కొట్టి "రైట్, రైట్" అనేవాడు.

స్టీరింగు మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. శ్రీనుకి డ్రైవింగు వచ్చు. ఎన్నోసార్లు అడిగాడు. ఒకసారి గట్టిగా అడిగితే భాయ్ జీపు పక్కకి ఆపి, నవ్వకుండా చెప్పాడు.

"సీనూ, చిన్నప్పుడు నాకు లారీ డ్రైవర్ కావాలని ఉండె. మా అబ్బ మిషను ముందల కూసోబెట్టిండు. అప్పటిసంది ఊర్ల ఉన్న బండ్లన్నిటికి సీట్లు కుట్టిన. కుట్టుడు అయిపోంగనే ఆ సీటు మీద ఎవడో కూసొని తోలుకపోతడు. నేను ఆడనే ఉంట. ఏడాదికి మూడు రోజులు నా సీటు మీద నేను కూసుంటున్న. అది కూడ గుంజుకుంటవా?"

శ్రీను మళ్ళీ అడగలేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పేస్తాను. దాచిపెట్టి ఆఖర్న బయటపెట్టే ఓపిక నాకు లేదు. భాయ్ చూపు పోతోంది. కంటిలో నీటికాసులు. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కలు కొంచెం కొంచెంగా మూసుకుపోతాయి. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందట. మిషను పనికి అది అడ్డం రాలేదు. కుట్టు ఆయనకి ఎప్పుడూ వేళ్ళతోనే తెలిసేది. రోడ్డు వేళ్ళతో తెలియదు. ఈ సంగతి బయటపడితే ఆ మూడు రోజులూ పోతాయి. అందుకే చెప్పలేదు, ఏళ్ళ తరబడి చెప్పలేదు.

మేం కనిపెట్టలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కనిపిస్తున్నాయి, అప్పుడవన్నీ భాయ్ చేష్టలే. ప్రతి మలుపులోనూ అవసరం లేకపోయినా హారన్ కొట్టేవాడు. పొద్దు గూకుతుంటే ఎక్కడున్నా సరే బండి ఆపేసేవాడు. "అడవికి మర్యాద ఇయ్యాలె, సార్. రాత్రి దానిది" అనేవాడు. నేను బడిలో పిల్లలకి ఈ మాట చెప్పాను కూడా. పక్కనుంచి గ్లాసు అందిస్తే తీసుకునేవాడు కాదు, ఎదురుగా వచ్చి ఇస్తేనే తీసుకునేవాడు. అది పెద్దరికమని ఆటపట్టించాం. ఒక ఏడు కిలోమీటరు రాయిని గీరాడు. ఇంకో ఏడు జీపు వెనక్కి తీసుకుంటూ ఎవరిదో కల్లు లొట్టి ఉన్న సైకిలుని పడేశాడు. సైకిలాయన తిట్టిన తిట్లని వెంకన్న ఏడాదంతా అప్పజెప్పి నవ్వించాడు. భాయ్ కూడా నవ్వాడు. అందరికంటే ఎక్కువ నవ్వాడు.

చర్ల దారిలో ఒక కోయపల్లె ఉంది. మేం వెళ్ళే రోజులు అక్కడ విత్తనాల పండుగ రోజులు. మగవాళ్ళు వేటకి అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకొని వచ్చే పోయే బండ్లని ఆపుతారు. పాట పాడతారు, చుట్టూ తిరిగి ఆడతారు, ఏదైనా ఇస్తే తాడు దించుతారు. ఆ రోజుల్లో ఆ రోడ్డు వాళ్ళది. అందరూ చిల్లర ఇచ్చి పోతారు. భాయ్ ఇచ్చేవాడు కాదు. ఏడాదంతా మిగిలిన రెగ్జిన్ ముక్కలన్నీ దాచి చిన్న చిన్న సంచులు కుట్టి తెచ్చేవాడు. ఎర్రవి, నీలివి, సగం ఎర్ర సగం పసుపువి. దూరంనుంచే హారన్ మోగిస్తూ వచ్చి, తాడుకి బెత్తెడు దూరంలో ఆపి, దిగి సంచులు పంచేవాడు. వాళ్ళు చెయ్యి పట్టుకుని వరసలోకి లాగితే తనూ రెండడుగులు వేసేవాడు. అడుగు ఒక్కటీ సరిగ్గా పడేది కాదు. వాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దామె ఉండేది. ముఖాన పచ్చబొట్లు, నోట్లో చుట్ట. ఆమెకి ఏ సంచి ఇచ్చినా తిప్పి చూసి, కుట్టు లాగి చూసి, అప్పుడు చంకలో పెట్టుకునేది. "ఈమె నా పార్టీ" అనేవాడు భాయ్. వాళ్ళు ఆయన్ని సంచులాయన అనేవాళ్ళు.

తాడు పట్టడంలో వాళ్ళకో పద్ధతి ఉంది. కొత్త బండి వస్తుంటే తాడు చేతుల్లో వదులుగా ఉంచుతారు. ఆపకపోతే చప్పున వదిలేస్తారు. లారీవాళ్ళు కొందరు ఆపరు మరి. ఎర్ర సీట్ల జీపు వస్తుంటే మాత్రం బిగించి పట్టేవాళ్ళు. ఆయన ఆపుతాడని వాళ్ళకి తెలుసు. పెద్దామె అయితే తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, కాలు తన్నిపెట్టి నిలబడేది. సంచులాయన్ని కట్టేశానని అదొక వేడుక.

ఆఖరి ట్రిప్పులో పొద్దున్నించీ ఏదీ చెడిపోలేదు. భాయ్‌కి అది నచ్చలేదు. దుమ్ముగూడెంలో టీ తాగుతూ కూడా మాట్లాడలేదు. పల్లె దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మలుపు తిరిగాం. నేను ముందు సీట్లో ఉన్నాను. రోడ్డుకి రెండు పక్కలా ఆడవాళ్ళు కనిపించారు. మట్టిరంగు నారతాడు. పెద్దామె ఎడమవైపు నిలబడి నవ్వుతోంది. హారన్ మోగలేదు. దగ్గరికి వెళ్ళి మోగిస్తాడనుకున్నాను.

ఆయనకి కనిపించింది మధ్యలో ఖాళీ రోడ్డు ఒక్కటే, తాడు ఆ మట్టిలో కలిసిపోయింది. మనుషులందరూ పక్కల్లోనే ఉన్నారు.

నేను "భాయ్!" అని అరవడం, వెంకన్న రేకు మీద గుద్దడం, తాడు బానెట్‌కి తగలడం ఒక్కసారే అయ్యాయి. వయసులో ఉన్నవాళ్ళు వదిలేశారు. పెద్దామె చేతికి చుట్లున్నాయి. ఆమెని తాడు నేలమీదికి గుంజి, జీపుతో పాటు ఈడ్చుకొచ్చింది. భాయ్ బ్రేకు వేసేసరికి దుమ్ములో ఆమె బోర్లా పడి ఉంది.

నేను ఆ పాటికి దిగేశాను. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి ముంజేతి దగ్గర వంకర తిరిగింది. అరచెయ్యి తోలు లేచిపోయింది. ఆమె ఏడవలేదు. చుట్టూ మూగినవాళ్ళు వాళ్ళ భాషలో ఒక్కసారే మాట్లాడుతున్నారు. భాయ్ దిగి వచ్చాడు. నేరుగా రాలేదు, జీపుని తడుముకుంటూ వచ్చాడు. అప్పుడు చూశాను ఆయన నడక. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడి, చేతులతో వెతికి ఆమె భుజం పట్టుకున్నాడు.

"అవ్వా, నువ్వు నాకు కనపడలే. తాడు కనపడలే. ఎవ్వరు కనపడలే. అల్లా మీద ఒట్టు, నేను ఉరికిద్దామని రాలే" అన్నాడు.

తెలుగు వచ్చిన ఒకామె ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇంతమందిమి ఉన్నం. ఎట్ల కనపడం?" అంది.

"పక్కకి కనపడదు తల్లీ నాకు. శాన రోజులాయె."

ఆమె ఈ మాటని తన భాషలోకి మార్చి చెప్పింది. మేం ముగ్గురం కూడా అప్పుడే విన్నాం. ఆ గుంపు మామీద పడి కొడితే బాగుండునని నాకు అనిపించింది, అంత సిగ్గుగా ఉంది. వాళ్ళు కొట్టలేదు. "మీ మీద నమ్మకంతోనే చుట్లేసుకున్నది" అని మాత్రం అంది ఆ తెలుగు వచ్చినామె.

భాయ్ జేబులోంచి తాళాలు తీసి శ్రీను చేతిలో పెట్టాడు. భద్రాచలం దవాఖానా దాకా వెనక సీట్లో పెద్దామె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తెలుగు వచ్చినామె ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. శ్రీనుకి ఆ జీపు కొత్త, రెండుసార్లు ఆగిపోయింది. గుంత వచ్చినప్పుడల్లా పెద్దామె మూలిగేది, భాయ్ "ఐపోయింది అవ్వా, ఐపోయింది" అనేవాడు. సగం దారిలో ఆమె ఏదో అడిగింది.

"ఏందట?" అన్నాడు భాయ్.

"ఈయేడు సంచి తెచ్చినవా అని అడుగుతున్నది" అంది కాళ్ళ దగ్గర కూర్చున్నామె.

వెంకన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. భాయ్ సీటు కింద వెతికి మూట మొత్తం తీసి ఆమె పొట్ట మీద పెట్టాడు. ఆమె బాగున్న చేత్తో ఒకటి తీసింది. తిప్పి చూసింది. లాగి చూడడానికి రెండో చెయ్యి లేవలేదు.

దవాఖానాలో భాయ్ ఆమెతో లోపలికి పోయాడు. ఆ వంగిన మనిషి గోడ పట్టుకుని పోవడం చూశాం. మేం ముగ్గురం బయట జీపు దగ్గరే ఉన్నాం. పిండికట్టు వేసి పంపేసరికి సాయంత్రమైంది. ఆమెని పల్లెలో దింపి ఖమ్మం దారి పట్టాం. ఆ దారంతా వెనక సీట్లో కూర్చున్న భాయ్‌ని నేను తిరిగి చూడలేదు. ఆయన అక్కడ కూర్చోవడం ఆ రోజే మొదలు.

నెల తిరక్కముందే జీపు అమ్మేశాడు. కొన్నవాడికి డ్రైవరు సీటు ఇవ్వలేదు. "కొత్తది కుట్టిస్త, ఇది మాత్రం అడగకు" అన్నాడట. ఆ ఎర్ర సీటు తెచ్చి కొట్లో మిషను పక్కన పెట్టుకున్నాడు. గిరాకీ లేనప్పుడు దాని మీద కూర్చుని రోడ్డువైపు మొహం పెట్టేవాడు. నేను వెళ్ళినప్పుడు అదే సీటు నాకు వేయబోయేవాడు. నేను స్టూలు లాక్కునేవాణ్ణి. మాటలు తగ్గిపోయాయి. ఎవరి బండి సీటూ తడిమి తిట్టడం లేదు. ఒకరోజు ఒక ఆటో అతను నాసిరకం కుట్టుతో వచ్చాడు. ఇదిగో ఇప్పుడు అంటాడు అని చూశాను. "మంచిగనే ఉన్నది, ఇంకో ఏడు నడుస్తది" అని పంపేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి నేను అన్నం తినలేకపోయాను.

మరుసటి ఏడు మేం ముగ్గురం కిరాయి కారు మాట్లాడుకుని వెళ్ళాం. ఆయన్ని రమ్మన్నాం. "మీరు పోయిరండి" అన్నాడు. ఏసీ కారు, కుర్ర డ్రైవరు, పాటలు. ఎక్కడా ఆగలేదు, ఏదీ చెడిపోలేదు. ఆ పల్లె దగ్గర తాడు లేదు. పండుగ అయిపోయిందో, ఆ ఏడు మానుకున్నారో అడగడానికి ఎవరూ దిగలేదు. రెండో రోజుకే తిరిగి వచ్చేశాం. తర్వాత ఇంకెప్పుడూ వెళ్ళలేదు.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ ఎర్ర సీటు మీదే గుండె ఆగిపోయిందని వెంకన్న ఫోన్ చేశాడు. నలభైయో రోజు ఫాతెహా భోజనాలకి ముగ్గురం వెళ్ళాం. చుట్టాలంతా తిని వెళ్ళిపోయాక భాభీ మమ్మల్ని లోపలికి పిలిచి విస్తర్లు వేసింది. బిర్యానీ అదే చేతి వంట. ఇన్నేళ్ళూ ఆమె మాకు గిన్నె అందించి తలుపు దగ్గరే ఆగిపోయేది, ఇంతసేపు ఎదురుగా కూర్చుని మాట్లాడడం ఎప్పుడూ లేదు. ఆయన గురించి మాట్లాడుకుంటూ తింటున్నాం. ఏదో అనాలని నేనన్నాను.

"ఒక్కసారన్నా మిమ్మల్ని ఆ దారి తీసుకపోయిండా భాభీ?"

"రమ్మనేటోడు. నేనే ఎక్కలే."

"ఎందుకు?"

ఆమె గరిటె కింద పెట్టింది. "డాక్టరు నీటికాసులని చెప్పిననాడు ఆయన పక్కల నేనే ఉన్న అన్నా. పిల్లలని జీపు ఎక్కనియ్యలే. నేను ఎక్కలే. మీరు ముగ్గురు ఎక్కుతుంటే మాత్రం తలుపుకాడ నిలబడి చూసిన."

శ్రీను చెయ్యి విస్తరిలోనే ఆగింది. "అంటే ఎన్ని ఏండ్ల సంది తెలుసు?"

"శాన ఏండ్లు."

"చెప్పొచ్చు గదా భాభీ."

"చెప్తే ఎక్కుతరా మీరు? మీరు ఎక్కకపోతే ఆయన ఒక్కడు పోతడా? ఏడాదంతా ఆ మూడు రోజుల కోసమే కుట్టెటోడు. అది కూడ నేనే తీసేస్తే ఇంక ఆయనకి ఏం మిగుల్తది?"

వెంకన్న విస్తరి ముందుకి తోశాడు. "మాకు పిల్లలు లేరా భాభీ? మా ప్రాణాలు ప్రాణాలు కావా?"

నాకూ కోపం వచ్చింది. ఆయన దాచినందుకు ఎన్నడూ రాని కోపం ఈమె మీద వచ్చింది. ఆయనకి స్టీరింగు మీద ఆశ, అర్థం చేసుకోవచ్చు. ఈమె తన పిల్లల్ని దింపి మమ్మల్ని ఎక్కించింది. చేతిలో బిర్యానీ గిన్నె పెట్టి పంపింది. లేచి పోదామనే అనుకున్నాను. ఆమె కాదనలేదు, ఏడవలేదు.

"అవ్ అన్నా. తప్పే" అంది. "మీరు పోయిన మూడు రోజులు నేను నమాజు చాప మీదికెళ్ళి లేస్తే ఒట్టు. మీ ముగ్గురి పేర్లు చెప్పి దువా అడిగెటిదాన్ని. మీ ఇంటోళ్ళ పేర్లు, పిల్లల పేర్లు కూడ చెప్పేదాన్ని. ఆయన పేరు ఆఖరికి చెప్పేదాన్ని. జీపుల ఉన్నోళ్ళందరి కోసం అడిగిన. అందరు మంచిగ ఇల్లు చేరిన్రు. దారి మీద నిలబడేటోళ్ళ కోసం అడగాలని నాకు తట్టలే."

కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. "ఆ ముసలామె పేరేంది అన్నా? ఆయన్ని అడుగుదామంటే ఆ ముచ్చట ఎత్తితేనే లేచి పోయెటోడు. మీరన్న చెప్పండి. ఇప్పటిసంది ఆమె కోసం కూడ దువా అడుగుత."

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అన్నేళ్ళు ఆమె తాడు ముందు ఆగాం, ఆమె నవ్వితే నవ్వాం, పెద్దామె అని ఊరుకున్నాం. దవాఖానాలో పేరడిగినప్పుడు పక్కనున్నది భాయ్.

"తెల్వదు భాభీ" అన్నాడు వెంకన్న.

ఆమె తల ఊపింది. వెంకన్న విస్తరి మళ్ళీ దగ్గరికి జరిపి, అందరికీ ఇంకొంచెం అన్నం పెట్టింది. ఎవరం వద్దనలేదు.